మరుగు లేని షెడ్డు

గూడూరు నుంచి కోటకు పోయే బస్సులో, పెళ్ళయి ఇద్దరు పిల్లల తల్లినైన తర్వాత కూడా, నేను ఎడమచేతి వైపు కిటికీ దగ్గర కూర్చునేదాన్ని కాదు. పెళ్ళికి ముందు నేను పనిచేసిన మైకా కంపెనీ అటువైపే ఉండేది. దాని పక్కనే బస్సులు ఆగే చోటు, ఒక టీ అంగడి. ఆ అంగడి బల్లల మీద కూర్చున్న వాళ్ళలో ఎవరైనా నన్ను గుర్తుపట్టి, ఆ పాత పేరు పెట్టి పిలుస్తారేమోనని భయం. పిల్లలు ఆ కిటికీయే కావాలని ఏడ్చినా కుడివైపుకే లాక్కుపోయేదాన్ని. ఆ పేరు నాకు ఎట్లా వచ్చిందో మా ఆయనకు కూడా చాలా కాలం చెప్పలేదు.

కంపెనీ అన్నది పేరుకే. నిజానికి అది పొడుగాటి రేకుల షెడ్డు. గనుల దగ్గర నుంచి మైకా గడ్డలు, అదే అభ్రకం, లారీలో వచ్చేవి. ఆడవాళ్ళం గోనెపట్టాల మీద వరుసగా కూర్చుని, సన్నటి కత్తులతో వాటిని పొరలు పొరలుగా చీల్చేవాళ్ళం. సాయంత్రానికి ఆ పొడి జుట్టులో, కనుబొమల్లో, వోణీ మడతల్లో మెరుస్తుండేది. అవి నయాపైసలు కొత్తగా చేతికొచ్చిన రోజులు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆ పైన చదవాలంటే కోటకు పోవాలి గనుక, ఇంట్లో కూర్చున్నాను. మా పెద్దమ్మ అప్పటికే అక్కడ పనిచేస్తుండేది. "ఊరికే ఇంట్లో ఉంటే ఏమొస్తాది? నాతో రామ్మే" అని తీసుకుపోయింది.

పొర ఎంత పలచగా వస్తే సరుక్కి అంత విలువ. అందుకు చూపు పదునుగా ఉండాలి, వేలు వణక్కూడదు. పెద్దమ్మ వయసు వాళ్ళు మందపాటి పలకలు చీల్చగలరు గానీ, పలచటి పొరలు తీయాలంటే మా వయసు పిల్లలే కావాలి. అందుకని యజమాని చుట్టుపక్కల ఊళ్ళకు మనుషుల్ని పంపి మరీ పిల్లల్ని పిలిపించుకునేవాడు. వరి పొలాల మీద బతికే ఊళ్ళ నుంచి కొందరం, సముద్రం వైపు చేపలు పట్టే పల్లెల నుంచి కొందరు వచ్చేవాళ్ళం.

నా పక్కన కూర్చునేది అటువంటి పల్లె పిల్లే. నాకంటే కొంచెం పెద్దది. పొద్దు పొడవక ముందే బయలుదేరి ఇసకలో నడిచి వచ్చేది. పలచటి పొర తీయడంలో షెడ్డు మొత్తానికి దానికి సాటి లేదు. అది నవ్వితే షెడ్డు ఆ చివరికి వినపడేది. గుమాస్తా కసురుకుంటే, "నవ్వితే కూలి కోస్తారా ఏంది?" అని ఇంకా నవ్వేది.

యజమానిని మేమందరం అయ్య అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. ఆడవాళ్ళు కూర్చున్న చోటికి వచ్చేటప్పుడు గుమ్మం బయటే నిలబడి దగ్గి, మేము పైటలు సర్దుకున్నాక లోపలికి అడుగుపెట్టేవాడు. మా మొహాల వంక సూటిగా చూసి మాట్లాడేవాడు కాదు. చాలా మర్యాదస్తుడని ఊళ్ళో పేరు. ఆ మర్యాదే మాకు అడ్డమైంది.

షెడ్డు వెనక పెద్ద సరుగుడు తోపు ఉండేది. మేము సవకతోపు అనేవాళ్ళం. అది అయ్యది కాదు, వేరే రైతుది. పని మధ్యలో బయటికి పోవాలంటే నలుగురైదుగురం కలిసి అందులోకి పోయేవాళ్ళం. చెట్లు దట్టంగా ఉండేవి, కింద రాలిన ఆకు మెత్తగా ఉండేది. కబుర్లు చెప్పుకునేదీ, నడుం వాల్చుకునేదీ ఆ కాసేపే. ఆ తోపు మాకు ఎంత మేలు చేస్తున్నదో అది ఉన్నన్నాళ్ళూ ఎవరమూ అనుకోలేదు.

ఒక ఎండాకాలం ఆ రైతు తోపు అమ్మేశాడు. గొడ్డళ్ళు పట్టుకుని మనుషులు దిగారు. కొట్టిన కట్టెలు బండ్ల మీద ఉప్పుకాలవకు పోయి, అక్కడ పడవలెక్కి మద్రాసుకు పోయాయి. నెల తిరక్కుండా షెడ్డు వెనక ఉత్త ఇసక మిగిలింది. టీ అంగడి బల్ల మీద కూర్చున్నవాడికి కాలవగట్టు దాకా కనపడేది. మధ్యలో ఒక చెట్టు లేదు, ఒక గోడ లేదు.

మొదటి రోజు మేము ఎప్పటిలాగే లేచి వెనక తలుపు దాకా పోయాం. అక్కడ నిలబడి ఒకరి మొహం ఒకరం చూసుకుని, మళ్ళీ వచ్చి కూర్చున్నాం.

ఆ తర్వాత నీళ్ళు తాగడం మానేశాం. పొద్దున నింపిన కుండలు సాయంత్రానికీ అట్లాగే నిండుగా ఉండేవి. గుమాస్తా సంతోషించాడు. "ఇప్పుడు బుద్ధిగా పని చేస్తా ఉండారయ్యా. మాటిమాటికీ లేచేది తగ్గింది" అని అయ్యతో చెప్పడం మేము విన్నాం. విని తలలు ఇంకా దించుకున్నాం.

రేకుల కింద ఆ ఎండకు నీళ్ళు లేకుండా పొద్దు గుంకిందాకా కూర్చోవాలి. కళ్ళు తిరిగేవి. పొత్తికడుపులో నొప్పి, ఎవరికీ చెప్పుకోలేని మంట. "మొహం అట్ట పీక్కపోయిందేమే?" అని అమ్మ అడిగితే, ఎండ అని చెప్పేదాన్ని. పెద్దమ్మకు తెలుసు. "ఓర్చుకోవాల. తెల్లారకముందు చీకట్లో ఒకసారి, మళ్ళీ చీకటి పడినాక ఒకసారి. అంతే" అనేది. వయసు మళ్ళిన వాళ్ళు ఎట్లాగో నెట్టుకొచ్చారు.

పిల్లలు ఒక్కొక్కరే మానేయడం మొదలుపెట్టారు. ఒకతె నాట్లకు పోవాలన్నది. ఒకతె అక్క కాన్పుకు వచ్చిందన్నది. ఇంకొకతె జ్వరమన్నది. గూడూరులో వేరే కంపెనీలో చేరిపోయిన వాళ్ళు కూడా ఉన్నారు. అక్కడ కూలి ఎక్కువేమీ కాదు. కాకపోతే ఆ షెడ్డు వెనక ఒక పాడుబడ్డ గోడ ఉందట.

అయ్యకు ఏమీ అంతుపట్టలేదు. మద్రాసు వ్యాపారికి పలచటి సరుకు ఒప్పుకుని ఉన్నాడు, చీల్చే చేతులు లేవు. మొదట కోటలో డేరా వేసిన టూరింగ్ టాకీసు మీద అనుమానపడ్డాడు. సినిమా పిచ్చిలో పడి పనులు మానుకుంటున్నారని అందరితో అన్నాడు. తర్వాత ఎవరో చెప్పారట, ఈ కాలం పిల్లలు ఉత్త కూలికి నిలవరు, ఏదో ఒక ఆశ చూపించాలని. మధ్యాహ్నం పూట టీ పోయించడం మొదలుపెట్టాడు. మేము గ్లాసులు పుచ్చుకుని, అంగడివాడు అటు తిరగ్గానే పట్టా పక్కకు తీసి ఇసకలో పోసేవాళ్ళం. తాగితే తర్వాత ఎక్కడికి పోవాలి? ఆయుధపూజకు వయసు పిల్లలందరికీ చీరలు పంచాడు. ఆ చీర కట్టుకుని ఒక్క రోజు వచ్చి, మర్నాటి నుంచి రాని వాళ్ళు ఉన్నారు.

చివరికి, నెలంతా నాగా లేకుండా వచ్చిన వాళ్ళకు స్టీలు గ్లాసు ఇస్తామన్నాడు. స్టీలు సామాను అప్పట్లో పెద్దిళ్ళలోనే కనపడేది. ఆ గ్లాసులన్నీ పెద్దమ్మ వయసు వాళ్ళకే పోయాయి. నెలలో కొన్ని రోజులు మాకుంటాయి, వాళ్ళకు లేవు. ఆ రోజుల్లో చాటు లేని చోట పొద్దంతా కూర్చోలేక మేము ఇళ్ళలో ఉండిపోయేవాళ్ళం. గ్లాసు రాని పిల్లను గుమాస్తా నిలబెట్టి, "నీకెందుకు రాలా? యాడికి పోయినావు ఆ పొద్దు?" అని అందరి ముందూ అడిగేవాడు. బహుమతి పెట్టిన తర్వాత ఇంకా కొందరు మానేశారు.

ఒక పొద్దున అయ్య షెడ్డులోకి వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"నేను మీకేం తక్కువ చేసినానో చెప్పండి. కూలి చాలదా? ఎవురన్నా ఏమన్నా అంటా ఉండారా? చెప్తే గదా నాకు తెలిసేది?"

కత్తుల చప్పుడు ఆగిపోయింది. ఆయన గొంతులో నిజంగా బాధ ఉంది. నేను చెబుదామని నోరు తెరిచాను. గుమాస్తా ఉన్నాడు, తూకం వేసే మనిషి ఉన్నాడు, లారీతో వచ్చిన వాళ్ళు ఉన్నారు. మళ్ళీ నోరు మూసుకున్నాను. "ఏం లేదయ్యా" అంది పెద్దమ్మ అందరి తరఫునా.

ఆ తర్వాత కొద్ది రోజులకే, నా పక్కన కూర్చునే పిల్ల ఒక మధ్యాహ్నం నుంచి మాట్లాడటం మానేసింది. పొద్దు వాలి అందరూ లేచినా అది లేవలేదు. "పోదాం రా" అన్నాను. తల అడ్డంగా ఊపింది. కళ్ళ నిండా నీళ్ళు. నేను కిందికి చూసి అర్థం చేసుకున్నాను. దాని పావడా, కింద గోనెపట్టా తడిసి ఉన్నాయి.

గుమాస్తా తాళంచెవి ఆడిస్తూ వచ్చి, "ఏంది, ఇండ్లకు పోరా?" అన్నాడు. దగ్గరికి వచ్చి చూశాడు. మొహం చిట్లించి, "ఛీ, ఆ పట్టా తీసి అవతల పారెయ్యండి" అని వెళ్ళిపోయాడు. పెద్దమ్మ తన తలగుడ్డ విప్పి దాని నడుముకు చుట్టింది. ఆ పట్టాను నేను చుట్టచుట్టి కాలవ దాకా మోసుకుపోయి పారేశాను. దారిలో ఎవరైనా ఎదురైతే, అదేమిటని అడుగుతారేమోనని పక్కకు తప్పుకుని నడిచాను. మర్నాటి నుంచి ఆ పిల్ల పనికి రాలేదు.

అయ్య నన్ను పిలిపించాడు. "నువ్వు చదువుకున్న పిల్లవి. దాని పక్కన కూర్చునేదానివి. ఇంటికి పోయి పిలుచుకోని రా. ఈ చీర ఇచ్చి, మేస్త్రి పని కూడా ఇస్తానని చెప్పు" అన్నాడు.

సెలవు రోజున దాని పల్లెకు పోయాను. గుడిసె ముందు ఇసకలో చేపలు ఎండబోసి, కాకుల్ని తోలుతూ కూర్చుని ఉంది. చీర వైపు చూసింది గానీ చెయ్యి చాపలేదు.

"అయ్య పంపించినాడు" అన్నాను. "నిన్ను మేస్త్రిని చేస్తాడంట."

"మేస్త్రికి ఒంటేలు రాదా?" అంది. చేపల మీద వాలబోయిన కాకిని తోలి మళ్ళీ అంది. "మీ అయ్యకి చెప్పు. చీరలొద్దు, గ్లాసులొద్దు. నాలుగు తడికలు కట్టమను. కట్టిన పొద్దే వస్తా."

"మొగాయనకి నేనెట్ట చెప్పేదిమే?"

"అంతమంది లేచి పోతా ఉంటే నేను ఆ పట్టా మీద కూర్చున్నా గదా. నువ్వు ఒక్క మాట చెప్పలేవా?"

చీర చంకలో పెట్టుకుని తిరిగి వచ్చాను.

అయ్య ఇంటికి పోయి, ఆయన భార్య అమ్మగారిని పిలిచి ఆమె చెవిలో చెప్పి వచ్చేద్దామనుకున్నాను. తీరా పోతే పంచలో అయ్య, మద్రాసు నుంచి వచ్చిన వ్యాపారి, గుమాస్తా కూర్చుని ఉన్నారు. అయ్య నన్ను చూసి అక్కడికే పిలిచాడు.

"ఏమంది?"

"రానన్నాదయ్యా."

"ఎందుకు?"

నేను స్తంభం పట్టుకుని నేల చూస్తున్నాను.

"గెట్టిగా చెప్పమ్మా. వాళ్ళింట్లో ఏమన్నా ఇబ్బందా?"

"తోపు కొట్టేసినారు గదయ్యా."

"ఏ తోపు?"

"షెడ్డు వెనక సవకతోపు."

"వాడి తోపు వాడు కొట్టుకుంటే, మన పిల్లలు పనికి రాకపోయేదేంది?"

గుమాస్తా నవ్వాడు. వ్యాపారి కూడా నా వంక తమాషాగా చూశాడు. ఆ నవ్వుకే అనుకుంటాను, కోపమో ఏడుపో నాకే తెలియకుండా మాట బయటికి వచ్చేసింది.

"మాకు మరుగు లేదయ్యా. బయటికి పోను మరుగు లేదు. అందుకని నీళ్ళు గూడా తాగడం లేదు. ఆ నాలుగు రోజులొస్తే..." అన్నాను.

గుమాస్తా నవ్వు ఆగిపోయింది. వ్యాపారి తలుపు వైపు తిరిగి వక్కపొడి వెతుక్కున్నాడు. అయ్య మొహం మెడ దాకా కందిపోయింది. ఆయన నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో. తిట్టలేదు. పంచె అంచు చూసుకుంటూ, "లోపలికి పో. అమ్మగారు ఉంది" అన్నాడు. ఆ మాట కూడా సరిగ్గా వినపడలేదు.

అమ్మగారు లోపలి నుంచి అంతా విన్నది. నన్ను వంటింటి వసారాలో కూర్చోబెట్టి చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

"శుక్రవారం శుక్రవారం పూజకి షెడ్డుకొస్తాను గదా. హారతి కాంగానే ఎందుకు పరిగెత్తి ఇంటికొస్తానో ఎవురూ అడగలా. నాకు ఇల్లుంది, వచ్చేస్తిని. మీరేం చేస్తా ఉండారో నాకు తోచలా" అంది. ఆమె నా మొహం వంక చూడలేకపోయింది. నేను చెంబెడు మజ్జిగా ఆపకుండా తాగేశాను. అది చూసి ఆమె కళ్ళు తుడుచుకుని, దొడ్డి వాకిలి ఎటో చూపించింది.

ఆ వారంలోనే షెడ్డు వెనక తాటాకు దడి లేచింది. గుంటలు తవ్వించారు, నీళ్ళ తొట్టి పెట్టించారు. అమ్మగారు ఎండలో గొడుగు వేసుకుని నిలబడి, గుడ్డలు మార్చుకోవడానికి వేరే ఒక మూల కట్టించింది. ముందుగా వచ్చింది నా పక్క పిల్లే. తర్వాత జ్వరమన్న పిల్లా, నాట్లకు పోయిన పిల్లా, గూడూరులో చేరిన వాళ్ళూ వచ్చారు. కుండలు మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేవి.

నాకు మాత్రం షెడ్డుకు పోవడం కష్టమైపోయింది. ఆ పంచలో నేనన్న మాట టీ అంగడికి చేరింది. గుమాస్తా తప్ప ఇంకెవరు చెబుతారు? ఒక పొద్దున నేను అంగడి దాటుతుంటే బల్ల మీద నుంచి ఎవరో, "అదో, దొడ్డి లీడరు వస్తా ఉంది" అన్నారు. అందరూ నవ్వారు. అప్పటి నుంచి నా పేరు అదే అయింది.

మా నాయన పొలం పనికి పోతూ ఆ అంగడిలోనే టీ తాగేవాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు.

"అంతమంది మొగోళ్ళ ముందర ఆ మాట అన్నావా?" అని అడిగాడు.

"అడిగితే చెప్పినాను నాయనా."

"అడిగితే మాత్రం?"

పెద్దమ్మ కూడా అక్కడే ఉంది. "మేమందరం నోరు కట్టేసుకోలా? నీకొక్కదానికే వొచ్చిందా కష్టం?" అంది. పట్టా తడిసిన రోజు తన తలగుడ్డ విప్పి ఇచ్చిన మనిషే ఆ మాట అన్నది. నాయన నన్ను పనికి పంపడం మానేశాడు. మానేసిన పిల్లలందరూ తిరిగి షెడ్డుకు పోతున్నారు. నేను ఇంట్లో కూర్చుని, వాళ్ళు వీధి వెంట పోతుంటే తలుపు చాటు నుంచి చూసేదాన్ని.

ఒక రోజు అయ్యే మా ఇంటికి వచ్చాడు. ఆయన మా వీధిలోకి రావడం అదే మొదలు. నాయన పరుగున మంచం వాల్చాడు. ఆయన కూర్చోలేదు. వీధిలో వాళ్ళంతా చేరారు.

"నీ బిడ్డ చెప్పబట్టి నా కంపెనీ నిలబడింది. దాన్ని మేస్త్రిగా రమ్మను" అన్నాడు.

"ఏం చెప్పిందయ్యా అంత పని?" అని పక్కింటాయన అడిగాడు. తెలిసే అడిగాడు.

అయ్య నీళ్ళు నమిలాడు. "అదే... ఆ సంగతి" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాయన చేతులు జోడించి, "వొద్దయ్యా, ఆడపిల్ల, రేపు పెళ్ళి చేయాల" అన్నాడు. అయ్య ఇంకేదో అనబోయి, అనలేక వెళ్ళిపోయాడు. తలుపు వెనక నిలబడి నేను సిగ్గుతో చచ్చిపోయాను. నా కోసమే కాదు, చేతులు జోడించిన నాయన కోసం, నోట మాట రాని ఆ పెద్దమనిషి కోసం కూడా.

తర్వాతి వారం పొద్దున్నే నా పక్క పిల్ల మా వాకిట్లోకి వచ్చింది. దాని వెనక ఇంకో ఏడెనిమిది మంది పిల్లలు.

"చిన్నాయనా, పిల్లని పంపించు" అంది నాయనతో. "ఆ మాట అదొకతే అనలా. మేమందరం అన్నట్టే. ఆ పేరు పెట్టి పిలవాలంటే మా అందర్నీ పిలవమను."

నాయన చాలాసేపు చేతిలో తువ్వాలు దులుపుతూ నిలబడ్డాడు. నా వంక చూడకుండానే, "పోతే పో" అన్నాడు.

వాళ్ళ మధ్యలో నడిచిపోయాను. అంగడి ముందు ఎవరో ఆ పేరు అననే అన్నారు. నా పక్క పిల్ల వెనక్కి తిరిగి, "లీడర్లం ఇంతమందిమి ఉండాం, ఎవుర్నయ్యా పిలిచింది?" అంది. పిల్లలందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. వాళ్ళకు వచ్చిన ధైర్యం నాకు రాలేదు. అంగడి దాటిందాకా నేల చూస్తూనే నడిచాను.

పెళ్ళయిందాకా ఆ షెడ్డులోనే మేస్త్రిగా ఉన్నాను. పిల్లలు మానడం తగ్గి, చెల్లెళ్ళనూ మరదళ్ళనూ వెంటబెట్టుకుని రావడం మొదలైంది. మనుషుల్ని పంపి పిలిపించుకునే పని అయ్యకు తప్పింది. అది చూసి ఒకసారి వేరే కంపెనీ యజమాని ఒకాయన వచ్చాడు.

"మా దగ్గిర పిల్లలు మూణ్ణెల్లు నిలవడం లేదు. మీ దగ్గిర కదలరంట. మీరేం ఇస్తా ఉండారు?" అని అడిగాడు.

అయ్య అటూ ఇటూ చూశాడు. "మా మేస్త్రి చెప్తాది, అడుగు" అని, లారీ వచ్చినట్టుందంటూ బయటికి నడిచాడు. ఏ లారీ రాలేదు.

వచ్చినాయన నా వైపు తిరిగాడు. ఒకసారి చెప్పినదే గదా, రెండోసారి సులువుగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. మళ్ళీ నేల చూస్తూనే చెప్పాను. పూర్తి కాకముందే ఆయన, "సరే సరే, తెలిసింది" అని మొహం తిప్పుకున్నాడు. వెనక దడి దాకా పోయి చూద్దురు రమ్మంటే, వద్దని బండెక్కాడు. తన షెడ్డు దగ్గర ఏమైనా కట్టించాడో లేదో నాకు తెలియదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.